ఆయాసమా? వయసు మీదకు నెట్టేయకండి!

మామిడి కోతల రోజుల్లో గంప నెత్తిన పెట్టుకుని తోటంతా తిరిగితే ఎవరికైనా రొప్పు వస్తుంది. కాసేపు చెట్టు నీడన కూర్చుంటే తగ్గిపోతుంది. అది జబ్బు కాదు. కాని నిరుడు నిండు గంప మోసిన మనిషి ఈ ఏడు సగం గంపకే ఆగిపోతుంటే, వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేసరికే ఊపిరి అందకపోతుంటే, అది డాక్టరుకు చెప్పవలసిన సంగతి.

మన ప్రాంతంలో చాలామంది చెప్పరు. “వయసు మీద పడిందిలే”, “ఎండలు ముదిరాయి”, “నీరసం” అని సరిపెట్టుకుంటారు. వయసుతో బలం కొంత తగ్గే మాట నిజమే. అయితే వారాలలో, నెలలలో పెరిగే ఆయాసానికి వయసు కారణం కాదు. దాని వెనుక ఏదో ఒక జబ్బు ఉంటుంది. వాటిలో చాలా జబ్బులకు చికిత్స ఉంది.

మానేసిన పనులే అసలు గుర్తు

ఆయాసం ఒక్క రోజులో రాదు. మనిషి తెలియకుండానే దానికి సర్దుకుపోతాడు. మేడ ఎక్కడం మానేస్తాడు. బస్టాండుకు నడిచేవాడు ఆటో ఎక్కుతాడు. ఇంటావిడ బిందె తేవడం కోడలికి అప్పగిస్తుంది. అప్పుడు “ఆయాసం వస్తోందా?” అని అడిగితే “లేదండీ” అనే అంటారు. కష్టమైన పని చేస్తే గదా ఆయాసం రావడానికి! అందుచేత “ఆరు నెలల క్రితం చేసిన ఏ పని ఇప్పుడు మానేశాను?” అని అడగండి. ఇంట్లో పెద్దవారిని కూడా ఇలాగే అడగండి.

మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?

20వ శతాబ్దం మధ్యలో బ్రిటన్‌లో బొగ్గు గని కార్మికుల ఊపిరితిత్తులను పరీక్షించిన వైద్యులు ఆయాసాన్ని కొలవడానికి కొన్ని ప్రశ్నలు తయారుచేశారు. ఆ కొలతను నేటికీ వాడుతున్నారు. అది ఇలా ఉంటుంది.

0. బాగా శ్రమపడితేనే ఆయాసం వస్తుంది.
1. వేగంగా నడిచినా, కొద్దిపాటి ఎత్తు ఎక్కినా వస్తుంది.
2. తోటి వయసు వారితో సమానంగా నడవలేరు, లేదా మెల్లగా నడుస్తూ కూడా మధ్యలో ఆగుతారు.
3. సుమారు 100 మీటర్లు నడవగానే ఆగిపోతారు.
4. బట్టలు మార్చుకున్నా ఆయాసమే. ఇల్లు కదలలేరు.

ఇంతకుముందు కంటే ఒక మెట్టు పెరిగినా వైద్య సలహా తీసుకోవాలి. 3, 4 మెట్లకు చేరినవారు ఇక రోజులు లెక్కపెట్టకూడదు.

కారణాలు ఏమిటి?

రక్తహీనత: ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తగ్గితే ఆయాసం వస్తుంది. డెసిలీటరు రక్తంలో ఇది స్త్రీలకు 12 గ్రాములు, గర్భిణులకు 11, పురుషులకు 13 గ్రాములకు తగ్గకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది.

ఊపిరితిత్తులు: ఉబ్బసం, బీడీ, చుట్ట, సిగరెట్టు, ఏళ్ళ తరబడి పీల్చిన కట్టెల పొయ్యి పొగ. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ ఉందేమో కళ్ళె పరీక్ష చేయించాలి.

గుండె: గుండె బలహీనపడితే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. పాదాలు వాస్తాయి. ఎత్తు దిండు లేనిదే నిద్ర పట్టదు. చిన్నతనంలో కీళ్ళ వాపుతో జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న స్త్రీలకు గర్భం దాల్చినప్పుడు మొదటిసారి ఆయాసం బయటపడవచ్చు. షుగరు ఉన్నవారికి ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండా ఆయాసంతోనే గుండెపోటు రావచ్చు.

మూత్రపిండాలు: మనకు దగ్గరలోని ఎ.కొండూరు మండలం తండాలలో ఈ జబ్బు ఎన్ని కుటుంబాలను బాధపెట్టిందో మనకు తెలుసు. ఈ జబ్బులో రక్తమూ తగ్గుతుంది, ఒంటికి నీరూ పడుతుంది. రెండింటి వల్లా ఆయాసం వస్తుంది.

అధిక బరువు, థైరాయిడ్ లోపం, ఆందోళన వల్ల కూడా ఆయాసం రావచ్చు. అయితే “ఇది కేవలం దిగులే” అని తేల్చవలసింది పరీక్షల తరువాత డాక్టరే, ఇంట్లోవారు కాదు.

సెలైను ఎక్కించమని అడగకండి

నీరసంగా ఉందని సెలైను పెట్టించుకోవడం మనకు అలవాటు. గుండె, మూత్రపిండాల జబ్బు వల్ల ఆయాసపడేవారికి ఒంట్లో ఇప్పటికే నీరు ఎక్కువై ఉంటుంది. సెలైనుతో అది ఇంకా పెరిగి ప్రాణం మీదకు రావచ్చు. పక్కింటివారి ఉబ్బసం బిళ్ళలు మింగడం కూడా ప్రమాదమే. తాత్కాలికంగా తగ్గినట్లు అనిపించి, అసలు జబ్బు లోపల ముదురుతుంది.

డాక్టరు గారికి ఎలా చెప్పాలి?

“ఆయాసంగా ఉందండీ” అంటే చాలదు. పనితో కలిపి చెప్పండి: “డాక్టరు గారూ, సంక్రాంతికి తోట దాకా ఆగకుండా నడిచానండీ. ఇప్పుడు సగం దారిలో రెండుసార్లు కూర్చుంటున్నాను. రాత్రి పడుకుంటే దగ్గు వస్తోంది.” ఈ నాలుగు మాటలతో డాక్టరు సగం దారి తెలుసుకుంటారు. వాడుతున్న మందులు, పాత చీటీలు తీసుకువెళ్ళండి. పొగ అలవాటు దాచకండి. అవసరాన్నిబట్టి రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఇ.సి.జి., ఊదించి చూసే పరీక్ష, గుండె స్కానింగు చేయిస్తారు.

వెంటనే 108కి ఫోను చేయవలసిన సమయాలు

• కూర్చుని ఉన్నా ఆయాసం, మాట పూర్తి చేయలేకపోవడం
• ఛాతీ నొప్పి లేక బిగపట్టినట్లు ఉండడం, చల్లని చెమటలు, స్పృహ తప్పడం
• పెదవులు నీలి రంగుకు మారడం
• దగ్గితే రక్తం పడడం
• ఆపరేషను తరువాత లేక చాలా రోజులు మంచాన ఉన్న తరువాత ఒక కాలు వాచి, హఠాత్తుగా ఆయాసం రావడం
• పూత మీద పురుగుమందు కొట్టిన తరువాత ఆయాసం, నోట చొంగ, చూపు మసకబారడం. మందు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

బండి వచ్చేదాకా రోగిని వెల్లకిలా పడుకోబెట్టకండి. స్పృహలో ఉంటే వీపుకు ఆసరా ఇచ్చి కూర్చోబెట్టండి. బట్టలు వదులు చేయండి. చుట్టూ మూగకుండా గాలి ఆడనివ్వండి.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

1. ఈ ఆరు నెలల్లో ఆయాసం వల్ల నేను మానేసిన పని ఏది?
2. ఐదు మెట్లలో నేను ఎక్కడ ఉన్నాను? పోయిన ఏడు ఎక్కడ ఉన్నాను?
3. మా ఇంట్లో ఎవరైనా కూర్చుని నిద్రపోతున్నారా?

వీటిలో ఒక్కదానికి జవాబు అనుమానంగా ఉన్నా, కోతలు అయ్యేదాకా ఆగవద్దు. ఈ వారమే ఆసుపత్రికి వెళ్ళండి.