పోతిరెడ్డిపాడు ఎవరు కట్టించినారు?

ప్రొద్దుటూరు

నాయనా,

ఫోనులో నీ గొంతు విన్నాక వెంటనే జవాబు చెప్పబుద్ధి కాలేదు. కోపంలో ఉన్న మనిషికి ఫోనులో చెప్పే మాట చెవికెక్కదు. కాగితం మీద ఉంటే రేపు ఇంకోసారి చదువుకోవచ్చు. అందుకే రాస్తున్నాను.

నాకు అర్థమైనంత వరకు జరిగింది ఇది. రెండో శనివారం సెలవుకు పాప కడపలో వాళ్లమ్మ దగ్గరి నుంచి కర్నూలుకు నీ దగ్గరికి వచ్చింది. అన్నం తింటూ, పోతిరెడ్డిపాడు వైఎస్సార్ కట్టించినాడని వాళ్లమ్మ తరపు తాత చెప్పినాడు అన్నది. నువ్వు 'కాదు, ఎన్టీఆర్' అన్నావు. 'మీ నాయనకు ఏమీ తెలీదని తాత ముందే అన్నాడు' అనింది పాప. 'మీ తాత చెప్పేవన్నీ అబద్ధాలే' అని నీ నోట వచ్చింది. పాప కంచంలో అన్నం వదిలేసి లేచిపోయింది. ఆ తర్వాత నెల పరీక్షలని రాలేదు. ఇప్పుడు నువ్వేమో, పాపను నా మీదికి ఎగదోస్తున్నారు, కస్టడీ మార్చమని పిటిషన్ వేస్తా అంటున్నావు.

ముందు పోతిరెడ్డిపాడు కాలువ సంగతి చూద్దాం. 1983లో తమిళనాడుతో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. అప్పుడు ముఖ్యమంత్రి ఎన్టీఆర్. మద్రాసుకు తాగునీళ్లు పోయే దారిలో సీమ పొలాలు కూడా తడవాలన్నది ఆయన హయాంలో రూపుకట్టిన ఆలోచన. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి దిగి, బనకచెర్ల మీదుగా వెలుగోడుకు, అక్కడి నుంచి కడప జిల్లా బ్రహ్మంసాగర్‌కు పోతాయి. పాత హెడ్ రెగ్యులేటరు శక్తి 11,150 క్యూసెక్కులు. కృష్ణకు వరద వచ్చేది కొద్ది రోజులే, ఆ రోజుల్లో పట్టుకున్నదే మనకు దక్కుతుంది. సన్న తూముతో ఏడాది పంటకు సరిపడా నీళ్లు రావు. 2005లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దాన్ని 44,000 క్యూసెక్కులకు పెంచడానికి ఉత్తర్వు ఇచ్చింది. తెలంగాణలో గొడవ లేచింది. ఆయన సొంత పార్టీలోనే పి. జనార్దనరెడ్డి గట్టిగా ఎదురు తిరిగినారు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు.

అంటే నువ్వు చెప్పింది నిజమే, కడప పెద్దాయన చెప్పింది కూడా నిజమే. ఇద్దరూ చెరి సగం చెప్పి, మిగతా సగాన్ని అబద్ధమన్నారు. ఆ రెండు సగాలూ విన్నది పాప ఒక్కతే. మీ ఇద్దరికంటే ఆ బిడ్డకే కాలువ గురించి ఎక్కువ తెలుసు. ఆ తెలిసిన దాన్ని నోరు విప్పి చెప్పుకోవడానికి మాత్రం దానికి ఒక్క ఇల్లు లేకపోయింది. నాకు బాధ కలిగింది అక్కడ.

నీ ఇంటికి ఒక్క పేపరే వస్తుంది. కడపలో వాళ్లింటికీ ఒక్కటే, అది వేరేది. మన జిల్లాల్లో అరుగు మీద పడిన పేపరు చూసి ఆ ఇంటి ఓటు చెప్పేయొచ్చు. నువ్వు ఈనాడు తప్ప ఇంకోటి ముట్టవు, ఆయన సాక్షి తప్ప ఇంకోటి ముట్టడు. 'ఆ పేపరు చదివితే బీపీ పెరుగుతుంది అత్తా' అన్నావు. దానికొక మాట చెప్తా, విను.

కడప ఉక్కు ఫ్యాక్టరీనే తీసుకో. 2007లో వైఎస్ జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు పునాదిరాయి వేసినారు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఈ జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమా కాదా పరిశీలించమని రాసినారు. 2018 డిసెంబరులో చంద్రబాబు కంబాలదిన్నె దగ్గర శంకుస్థాపన చేసినారు. 2019 డిసెంబరులో జగన్ సున్నపురాళ్లపల్లె దగ్గర చేసినారు. 2023 ఫిబ్రవరిలో జగనే జిందాల్ వాళ్లతో కలిసి మళ్లీ చేసినారు. నీ పేపరు మాత్రమే చదివేవాడికి జగన్ వేసిన రాళ్లు వట్టివని బాగా తెలుస్తుంది. కడప పెద్దాయన పేపరు మాత్రమే చదివేవాడికి చంద్రబాబు వేసిన రాయి వట్టిదని బాగా తెలుస్తుంది. ఇన్నేళ్లలో ఇన్ని రాళ్లు పడి, జమ్మలమడుగు పిల్లోడు ఇంకా బెంగళూరు బస్సే ఎక్కుతున్నాడన్న లెక్క రెండూ చదివినవాడికే తెలుస్తుంది. రెండు పక్షాలనూ నిలదీయగలిగేది కూడా వాడే.

రెండూ చదివి నడిమధ్యన నిలబడమని కాదు నేను చెప్పేది. కొన్నింటిలో ఒక పక్షం నిజమే చెప్తుంది, ఇంకో పక్షం అబద్ధమే ఆడుతుంది. నీ ఓటు మార్చుకోమని కూడా అనడం లేదు. మీ నాయన 1982 నుంచి ఎన్టీఆర్ పార్టీయే, నాకు తెలుసు. ఎదుటివాడి మాటను చివరి వాక్యం దాకా వినే ఓపిక తెచ్చుకోమంటున్నా. ఆ ఓపిక నీకు ఇప్పుడు రాజకీయాల కంటే ఇంట్లో ఎక్కువ కావాలి.

పొద్దున టీ తాగేటప్పుడు ఆ రెండో పేపరు కూడా తెప్పించుకో. మొదటి పేజీ వదిలేయ్, అది కొట్లాట కోసం రాసేది. జిల్లా పేజీలు చదువు. తమ పార్టీ వాళ్లకు ఇబ్బంది కలిగించే వార్తను ఏ మూల, ఎంత చిన్న అక్షరాల్లో వేసినారో చూడు. ఏ పేపరైనా తన వాళ్లకు వ్యతిరేకంగా ఒప్పుకున్న మాట సాధారణంగా నమ్మదగ్గది. ఆ తర్వాత నువ్వు అసలు ఒప్పుకోలేని వ్యాసం ఒకటి తీసుకుని, దాని వాదాన్ని నాలుగు వాక్యాల్లో రాయి. ఎట్లా రాయాలంటే, ఆ రాసినాయన చూసి 'ఔను, నేను చెప్పింది ఇదే' అనేటట్టు. కోర్టులో నా జూనియర్లందరి చేత ఈ పని చేయించేదాన్ని. ఎదుటి వకీలు వాదన ఆయనకంటే బాగా చెప్పగలిగితేనే మన వాదన మొదలుపెట్టమనేదాన్ని.

కడప ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయం నీకు గుర్తుండే ఉంటుంది. ఆ బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చినాడు. ఒక కావ్యానికి దొరికినన్ని తాటాకు ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించినాడు. ఒక్క ప్రతే ఉంటే రాయసకాడి తప్పు కూడా కవి మాటలాగే కనపడుతుంది. రెండో ప్రతి పక్కన చేరితేనే తప్పు బయటపడుతుంది. ఈసారి కడపకు పోయినప్పుడు పాపను అక్కడికి తీసుకుపో.

ఇక పిటిషన్ సంగతి. నువ్వు నన్ను అత్తగా కాకుండా వకీలుగా అడిగినావు కాబట్టి వకీలుగానే చెప్తున్నా. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమైనా, 1956 నాటి హిందూ మైనారిటీ చట్టమైనా ముందు చూసేది బిడ్డ క్షేమమే. తండ్రి హక్కు, తల్లి హక్కు ఆ తర్వాతివే. తాత వైఎస్సార్‌ను పొగిడినాడన్నది ఏ జడ్జి ముందరా కారణం కాదు. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో, తల్లిదండ్రులు ఇద్దరూ కలిసి బాధ్యత పంచుకునే కస్టడీకి చట్టంలో చోటివ్వాలని చెప్పింది. దాని మీద చట్టం ఇంకా రాలేదు గానీ, మీ ఇద్దరూ పరస్పర అంగీకారంతో విడిపోయినప్పుడు రాసుకున్న ఏర్పాటు దాదాపు అట్లాంటిదే. కోర్టుకెక్కినా దొరుకుతుందో లేదో తెలియనిదాన్ని మీరు మాట మీద సంపాదించుకున్నారు. దాన్ని నువ్వే చింపుతావా?

పిటిషన్ వేస్తే ఏమవుతుందో కూడా చెప్తా. బిడ్డకు ఊహ తెలిసిన వయసుంటే దాని ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చు. జడ్జి పాపను తన గదిలోకి పిలిపించుకుని, దగ్గర కూర్చోబెట్టుకుని, మెత్తగానే అడుగుతారు. ఎంత మెత్తగా అడిగినా ప్రశ్న ఒక్కటే: నీకు ఎవరి దగ్గర ఉండాలని ఉంది? ఆ గదిలోంచి బయటికి వచ్చే పిల్లల ముఖాలు నేను చూసినాను. వాళ్లు ఎవరి పేరు చెప్పినా ఇంకొకరికి ద్రోహం చేసినామనే అనుకుంటారు. వరండాలో అటు అమ్మ, ఇటు నాన్న నిలబడి ఉంటే ఎటు నడవాలో తెలియక బంట్రోతు చెయ్యి పట్టుకున్న పిల్ల ఉంది. అది పెద్దదైపోయింది, ఉద్యోగం చేస్తోంది, ఇప్పటికీ పండగ ఎవరింట్లో చేసుకోవాలన్నా దానికి భయమే.

సీమలో పుట్టినవాళ్లం, మనకు ఇంకొకటి తెలుసు. వర్గాలున్న ఊళ్లలో ఏ వీధిలో నడవకూడదో, ఎవరి అంగట్లో బెల్లం కొనకూడదో ఐదారేళ్ల పిల్లోళ్లకు కూడా తెలిసి ఉండేది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పెద్దోళ్ల ముఖాలు చూసి నేర్చుకున్నారు. సినిమాలు సుమోలూ బాంబులూ చూపించినాయి గానీ, ఆ పిల్లోళ్లను చూపించలేదు. పగ రెండో తరానికి అందింది వాళ్ల చేతుల మీదుగానే. మన రెండు ఇళ్ల మధ్య కొడవళ్లు లేవు, సంతోషమే. కానీ పాప ఇప్పుడు నీ ముఖం చూసి, ఏ మాట ఇక్కడ చెప్పకూడదో నేర్చుకుంటోంది. పరీక్షల సాకు అట్లా పుట్టిందని నా నమ్మకం. దాన్ని ఎవరూ నూరిపోయలేదు. నీకు కోపం రాకుండా ఉండడానికి ఆ బిడ్డ తనకు తానే కనిపెట్టుకుంది.

ఆదివారం సాయంత్రం ఆళ్లగడ్డ బస్టాండులో పాపను వాళ్లమ్మకు అప్పగించి, ఒక్కడివే కర్నూలు బస్సెక్కేటప్పుడు నీకెట్లుంటుందో నేను ఊహించగలను. ఇంటికొస్తే చాప మీద దాని రంగు పెన్సిళ్లు పడి ఉంటాయి. ఆ నొప్పి చిన్నది కాదు. వాళ్లమ్మ నొప్పి కూడా చూడు. జ్వరాలు, ఫీజులు, హోంవర్కు, జుట్టు చిక్కులు, బడికి ఆలస్యమైతే తిట్లు, అన్నీ ఆ అమ్మాయివే. నువ్వు నెలకు రెండు దినాలు ఉగ్గాని బజ్జీ, సినిమా, కొండారెడ్డి బురుజు. పాప నీ దగ్గర నవ్వుతూ ఉండి, తన దగ్గరికి రాగానే అలిగితే ఆ తల్లికి ఎట్లుంటుంది? ఇది కూడా నాలుగు వాక్యాల్లో రాసి చూడు, ఆ అమ్మాయి 'ఔను' అనేటట్టు. పేపరు వ్యాసం కంటే కష్టం, నాకు తెలుసు.

పాప చేత కబుర్లు పంపొద్దు. 'మీ అమ్మతో చెప్పు' అని బూట్ల సైజు కూడా అడగొద్దు, నువ్వే మెసేజి పెట్టు. తాత ఏమన్నాడు, ఇంటికి ఎవరొచ్చినారు అని ఆరా తీయొద్దు. తాత మాట పాప తనంతట తాను చెప్తే, 'అట్లనా, ఇంకేం చెప్పినాడు?' అను, అంతే. నీకు తెలిసింది వేరే ఉంటే అది కూడా చెప్పు, ఆయన్ను తిట్టకుండా. ఆయన ఇప్పుడు నీకు మామ కాకపోవచ్చు, పాపకు మాత్రం ఎప్పటికీ తాతే.

ఆయన అన్నదీ తప్పే. మనవరాలి ముందర తండ్రిని తెలివిలేనివాడనడం పెద్దరికం కాదు. ఆ మాట ఆయనతో నేనే అంటాను, కడప ఇక్కడికెంత దూరం! ఆయన నాకు చాలా ఏండ్లుగా తెలుసు. శ్రీబాగ్ ఒడంబడిక మాట ఎత్తితే గంటసేపు మాట్లాడతాడు. 1937లో రాజధానో హైకోర్టో మీరే కోరుకోండని సీమకు మాట ఇచ్చినారు, 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది, మూడేళ్లకే హైదరాబాదుకు పోయింది, 2020లో న్యాయ రాజధాని అన్నారు, మరుసటేడే ఆ చట్టం వెనక్కి తీసుకున్నారు, 2024లో హైకోర్టు బెంచి పెట్టాలని అసెంబ్లీ తీర్మానించింది అని వరసగా చెప్తాడు. నువ్వు కూడా ఇదే వరస చెప్పగా నేను విన్నాను, అదే ఆవేదనతో. మీరిద్దరూ ఒక దుఃఖాన్ని రెండు జెండాల కింద మోస్తున్నారు. పాపకు మీ ఇద్దరి దగ్గర నుంచి ఇది అందితే చాలని నా కోరిక.

ఇంకొక మాట రాయకపోతే నా వృత్తికి న్యాయం కాదు. బిడ్డను కొట్టినా, తిండి పెట్టకపోయినా, బడి మాన్పించినా, నీతో ఫోను మాట్లాడనీయకుండా చేసినా ఈ ఉత్తరం పక్కన పడేసి ఆ రోజే నాకు చెప్పు. నేనే వచ్చి పిటిషన్ రాస్తా. ఇప్పుడు జరుగుతున్నది అది కాదు.

వాళ్లమ్మకు ఈ మాటలు పంపు, లేదా నీ మాటల్లోకి మార్చుకో: 'పోతిరెడ్డిపాడు గురించి పాపకు నేను సగమే చెప్పినాను. తాత చెప్పింది కూడా నిజమే. ఆ మాట పాపతో నేనే అంటాను. పరీక్షలు అయినాక నీకు ఏ వారం వీలైతే ఆ వారం నేనే కడపకు వస్తాను.' దీనికి ముందు గానీ వెనక గానీ 'అయినా మీ నాయన' అని ఒక్క ముక్క తగిలించినా మొత్తం పాడవుతుంది. పంపే ముందు నాకు చూపించు.

వకీలుకు డబ్బులు కట్టి ఉంటే ఎంత కట్టినావో రాయి, నేను మాట్లాడతా. వదిన మోకాళ్లకు ఆ నూనె పనిచేస్తోందా? పాప తన జేజి చేతి జొన్నరొట్టె గురించి వాళ్లింట్లో చెప్పిందని వాళ్లమ్మ నాతో అనింది. ఆ సంగతి వదినకు చెప్పు.

నీ మేనత్త