మెడపట్టీ మోగగానే సూది వేయించకండి

భాద్రపదం వచ్చినా ముసురు వదలడం లేదు. కొట్టాల చుట్టూ నీళ్లు నిలిచి దోమలు పెరిగాయి. సంకరజాతి ఆవులకు మూడు రోజుల జ్వరం సోకేది ఇలాంటి రోజుల్లోనే. దానికి తోడు ఇప్పుడు ఇంకో బెడద: పశువుల మెడకు సెన్సార్ పట్టీలు కట్టిన డెయిరీల్లో ఫోన్ మోగడం ఆలస్యం, యాంటీబయాటిక్ సూది పొడిపిస్తున్నారు.

పట్టీ కొలిచేది కదలికనే. మెడ, దవడ ఆడే తీరును బట్టి ఆవు మేస్తోందా, నెమరేస్తోందా, ఊరకే ఉందా అని లెక్కగడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఆవు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరేస్తుంది. అది బాగా తగ్గితే ఫోన్‌కు హెచ్చరిక వస్తుంది. మన కంటికి తెలియకముందే వస్తుంది కూడా, కాదనను. కానీ కారణం జ్వరమా, పొదుగువాపా, మొన్న మార్చిన దాణా పడలేదా అన్నది పట్టీకి తెలియదు. డీలరు మాత్రం జబ్బు పేరు చెప్పేసి, మందుల కిట్టు కూడా అంటగడతాడు.

ఫోన్ మోగితే ముందు థర్మామీటరు పెట్టండి. మామూలుగా 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. పొదుగు, పేడ చూడండి. 104 దాటి, వణుకుతూ, చొంగ కారుస్తూ, ఇవాళ ఒక కాలు రేపు ఒక కాలు కుంటుతుంటే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. మూడు రోజుల జ్వరం వైరస్ వల్ల వచ్చేది, యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. వేరే ఇన్‌ఫెక్షన్ తోడైందని డాక్టరు తేల్చాకే ఆ సూది. ఇంకో మాట, ఈ జ్వరంలో మింగే శక్తి తగ్గుతుంది. గంజి, మందు గొట్టంతో నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరానికి బతికిన ఆవు దాంతో చస్తుంది.

దోమల కోసమని కొట్టమంతా రోజూ పురుగుమందు కొట్టడం శుద్ధ దండగ. కాలువ తీసి నీళ్లు పోనివ్వండి, పేడ ఎత్తేయండి.

ఇక ఎద సంగతి. వదిలి పెంచే ఆవుల మందలో పట్టీ పనికొస్తుంది. అవి ఎక్కువగా ఎదకొచ్చేది, తిరిగేది రాత్రిపూటే, కాపలా ఉండేదెవరు? గుంజకు కట్టిన ముర్రా గేదె అడుగులు ఏం వేస్తుంది, పట్టీ ఏం లెక్కపెడుతుంది? గేదెల్లో మూగ ఎద ఎక్కువ. తెల్లవారుజామున తీగలు, మాటిమాటికీ మూత్రం, అరుపు గమనించండి. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాటి పొద్దున కృత్రిమ గర్భధారణకు గోపాలమిత్రను పిలవండి.

చెవికున్న 12 అంకెల పసుపు పోగు గుర్తింపు కోసమే, సెన్సార్ కాదు. దాన్ని చూపి పట్టీ కూడా ప్రభుత్వానిదే అంటే నమ్మకండి. కొనేవాళ్లు నెలవారీ చందా ఎంత, బ్యాటరీ పోతే ఎవరు మారుస్తారు, గేదెల మీద పరీక్షించారా అని ముందే రాతలో అడగండి. నాలుగైదు పశువులను కట్టేసి పెంచేవారికి ఇది అనవసరపు ఖర్చు.

ఈ ముసురులో గొర్రెలను చిత్తడి నేలల్లో మేపకండి. తడిసి బూజు పట్టిన వేరుశనగ కట్టె ఏ పశువుకూ వేయకండి. గొంతువాపు టీకా వేయించనివారు ఈ వారమే పశువుల ఆసుపత్రిలో అడగండి.