సెల్‌ఫోనులోని వ్యాయామ భాండాగారము - దానిని వినియోగించుకొను విధము

తాలింఖానాలో గురువు శిష్యునకు మొదట దండీలు, బస్కీలు నేర్పును. అవి లోపము లేకుండ చేయగలిగిన పిమ్మటనే బరువులు ముట్టనిచ్చును. నేడు అనేకులు ఇంటనే సెల్‌ఫోను చూచి వ్యాయామము నేర్చుకొనుచున్నారు. కండరబలమును పెంచు యాపులలో ‘ఎక్సర్‌సైజ్ లైబ్రరీ’ అను విభాగముండును. అందు అనేక వ్యాయామములు వీడియోలతో వివరింపబడును. అది భాండాగారమే కాని గురువు కాదు. అందుండి తగినవానిని ఎంచుకొను బాధ్యత మనదే.

బలమేల?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూత్రముల ప్రకారము, వయోజనులు వారమునకు కనీసము 2 దినములు ముఖ్య కండరములన్నిటికిని బలము చేకూర్చు వ్యాయామము చేయవలెను. 65 ఏండ్లు నిండినవారు పడిపోకుండుటకై, బలమును శరీరపు నిలుకడను పెంచు వ్యాయామములను 3 దినములైనను చేయవలెను. నడక మేలైనదే, కాని నడక యొక్కటే చేతులకును వీపునకును చాలినంత బలము నీయదు.

ఎన్నుకొనుట

ఈ విభాగమున సాధారణముగా కండరము, పరికరము, స్థాయి అను వాని ననుసరించి వెదకవచ్చును. మొదట మీ ఇంట నున్న పరికరమును, పిదప ‘ప్రారంభ స్థాయి’ని ఎన్నుకొనుడు. అటుపై ఈ అయిదు విధములలో ఒక్కొక్కటి మాత్రమే తీసికొనుడు: కూర్చుండి లేచుట, నెట్టుట, లాగుట, వీపు వంచక తుంటివద్ద వంగి లేచుట, బరువు మోయుట. ఏబది యేండ్ల గృహిణికి కుర్చీపై కూర్చుండి లేచుట, గోడను నెట్టుట చక్కని ఆరంభములు. డంబెల్లుతో చూపిన దానిని నీరు నింపిన సీసాతో చేయవచ్చును.

నేర్చుకొనుట

వీడియోను రెండు మారులు చూడుడు: మొదట మొత్తమును, రెండవమారు వీపును మోకాళ్ళను మాత్రమే. క్రింద వ్రాసియున్న సూచనలను విడువక చదువుడు. తొలిదినమున బరువు లేకుండ చేయుడు. మీరు చేయునప్పుడు ప్రక్కనుండి వీడియో తీయించుకొని పోల్చి చూచుకొన్నచో తప్పులు తెలియును. శ్రమపడునప్పుడు ఊపిరి విడువవలెను. బిగబట్టినచో రక్తపుపోటు హఠాత్తుగా పెరుగును.

పెంచుట

8 మొదలు 12 మారులు చేసిన ఒక వరుస. ఆరంభమున 2 వరుసలు చాలును. వాని నడుమ ఒకటి రెండు నిమిషములు విశ్రమింపుడు. మరునాడు ఆ కండరములకు విశ్రాంతి నీయుడు. చేసిన లెక్కను యాపులో వ్రాసికొనుడు. వరుసగా రెండు దినములు 12 మారులు సులభముగా చేయగలిగినచో మెట్టు పెంచుడు: గోడ తరువాత బల్ల, బల్ల తరువాత నేల. ఎన్నుకొన్న అయిదింటిని ఆరు వారములైనను మార్చకుడు. దినమున కొక క్రొత్త వ్యాయామమును వెదకువాడు ప్రతిదినమును ప్రారంభకుడుగానే మిగులును.

హెచ్చరిక

గుండెజబ్బు, అదుపులేని రక్తపుపోటు గలవారు, గర్భవతులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు మొదట వైద్యుని సంప్రదింపవలెను. ఒకటి రెండు దినములు కండరములు నొచ్చుట సహజము. కాని కీలులో పోటు, తలతిరుగుట, ఛాతీలో నొప్పి కలిగినచో తక్షణమే ఆపుడు. ఛాతీనొప్పి తగ్గనిచో ఆలసింపక 108కి గాని 112కి గాని ఫోను చేయుడు. వీడియో చూపునది మేలైన పద్ధతిని మాత్రమే; మీ శరీరము చెప్పుమాటను వినవలసినవారు మీరే.