ఇంటర్నెట్ సంస్థల సంఘములు ఎవరి పక్షమున మాటాడును?

ప్రతినిధి యనగా నెవరో పంచాయతీ సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు. పదియెకరముల రైతుకును, సెంటు భూమి లేని కూలికిని గ్రామమున ఓటొక్కటియే. ఆ ఓట్లవలన ఎన్నికైనవారు గనుకనే మీరు గ్రామము పేర మాటాడుచున్నారు. వర్తక సంఘములును తమ వృత్తివారందరి పేర మాటాడును. అయితే సంఘము లోపల ఓటు ఎట్లున్నదో విచారించినగాని ఆ మాట ఎందరిదో తెలియదు. ఇంటర్నెట్ నేడు గ్రామమునకు బాటవలె అవసరమైనది. కావున ఆ సేవ నిచ్చు సంస్థల సంఘములను గూర్చి తెలిసికొందము.

మన దేశమున ఇట్టివానిలో రెండు ముఖ్యమైనవి. సి.ఓ.ఏ.ఐ. అను సెల్‌ఫోను సంస్థల సంఘము 1995లోను, ఐ.ఎస్.పి.ఏ.ఐ. అను ఇంటర్నెట్ సేవాసంస్థల సంఘము 1998లోను ఏర్పడినవి.

సంస్థలన్నియు ఒక్క తీరువి కావు. 2013 నాటి ఏకీకృత లైసెన్సు పద్ధతిలో ఇంటర్నెట్ లైసెన్సులను మూడు తరగతులు చేసిరి. దేశమంతటికి ‘ఎ’, ఇంచుమించు రాష్ట్రమంత ప్రాంతమునకు ‘బి’, జిల్లాయంత ప్రాంతమునకు ‘సి’. లైసెన్సుదారులు వేయికి పైబడియున్నను, చందాదారులలో అత్యధికులు కొలది పెద్ద సెల్‌ఫోను కంపెనీల యొద్దనే ఉన్నారు. మండల కేంద్రమున ఇంటింటికి ఫైబరు తీగ లాగు చిన్న వ్యాపారి అవసరములు వేరు, దేశమంతట టవర్లు నిలిపిన కంపెనీ అవసరములు వేరు.

పెద్దవారిలో సైతము ఏకాభిప్రాయము అరుదు. 2016లో రిలయన్స్ జియో తాను సభ్యత్వము కలిగిన సి.ఓ.ఏ.ఐ. పైననే ఆరోపణ చేసెను. ఓట్లు ఆదాయమును బట్టి యుండుటచే మూడు పాత కంపెనీల మాటయే సంఘము మాటగా చెల్లుచున్నదని దాని వాదము. సంఘము దీని నంగీకరింపలేదు. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు లైసెన్సు రుసుము బకాయిలపై తీర్పు చెప్పిన పిమ్మట సంఘము ఉపశమనము కోరుచు ప్రభుత్వమునకు లేఖ వ్రాసెను. తన అభిప్రాయమునకై ఆగక ఆ లేఖను పంపిరని జియో మరల ఆక్షేపించెను.

అట్లని సంఘములు నిరుపయోగములని మేము చెప్పుట లేదు. న్యాయవాదులను పెట్టుకొనలేని చిన్న సంస్థకు సంఘమే అండ. ప్రభుత్వమునకును వేయిమందితో వేరువేరుగా సంప్రదించుట కష్టము. అయినను సంఘము మాట అనేక సాక్ష్యములలో ఒకటి మాత్రమే. 1997లో ఏర్పడిన ట్రాయి ఈ సూత్రమునే పాటించుచున్నది. తన చర్చాపత్రములను ప్రకటించి, సంఘములనేగాక ఒక్కొక్క సంస్థను, సామాన్య పౌరులనుకూడ అభిప్రాయము లడుగును. కొన్ని వెబ్‌సైటులకు ఒక ధర, తక్కినవానికి వేరొక ధర పెట్టవచ్చునా యను ప్రశ్న వచ్చినపుడు సి.ఓ.ఏ.ఐ. వేరు ధరలను సమర్థించెను. ప్రజలు లక్షల సంఖ్యలో అభిప్రాయములు పంపిరి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయి అట్టి భేదమును నిషేధించెను.

దీనితో పంచాయతీకి పని యేమి? తీగ పరచుటకు, స్తంభము పాతుటకు అనుమతి కోరి సంస్థలు మీ యొద్దకు వచ్చును. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము స్థానిక సంస్థలకును వర్తించును. అనుమతి పక్షపాతము లేకయు, ఒకరికే గుత్తగా కాకయు ఇయ్యవలెనని అందు కలదు. కావున పరిశ్రమ అంతయు ఇట్లు కోరుచున్నదని ఎవరైన చెప్పినపుడు సభ్యులు ఈ క్రింది ప్రశ్నలు అడుగవలెను.

1. ఆ సంఘములో సభ్యులెవరు? మన గ్రామమునకు సేవ నిచ్చు సంస్థ అందున్నదా?

2. ఓటు సభ్యునికొకటియా, లేక ఆదాయమును బట్టియా?

3. భిన్నాభిప్రాయమును సంఘము తన లేఖలో తెలిపినదా?

4. ఈ కోరికవలన చందాదారునికి మేలా, కీడా?

తృప్తికరమైన సమాధానము రానిచో చిన్న సంస్థలను, చందాదారులను గ్రామసభకు పిలిచి స్వయముగా వినుడు. ఎవరి మాట ఎవరిదో తేల్చుకొని తీర్మానించుట పంచాయతీ ధర్మము.