సంతకమునకు ముందు: స్వేచ్ఛా సాఫ్టువేరునకు ప్రోగ్రాము నిచ్చువారి కాగితములు

కంప్యూటరుపై తెలుగు చదివిన వారిలో పోతన, వేమన అను రెండు అక్షరరూపములను ఎరుగనివారు అరుదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ఈ ఫాంట్లు డెబియన్ వంటి స్వేచ్ఛా సాఫ్టువేరు వ్యవస్థలలో చేరి, అందరికిని ఉచితముగా అందుచున్నవి. (పోతన మన ఒంటిమిట్టవాడా, ఓరుగల్లు బమ్మెరవాడా అను వాదము మనకిచట వలదు.) ఉచితముగా వచ్చినవి గనుక ఇట్టివి యజమాని లేని సొత్తు అని మన విద్యార్థులు తలంతురు. అది పొరపాటు. కర్తకు హక్కు ఉన్నది గనుకనే, ఆ హక్కును పురస్కరించుకొని షరతులతో ఇతరులకు అనుమతి ఈయగలిగినాడు. హక్కే లేనివాడు అనుమతి ఎట్లు ఇచ్చును?

మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టమే ఇందుకు ఆధారము. 1984లో జరిగిన సవరణతో కంప్యూటరు ప్రోగ్రాము కూడ సాహిత్య రచనల కోవలో చేరినది. అనగా ప్రొద్దుటూరులో ఒక విద్యార్థి వ్రాసిన నలువది పంక్తుల ప్రోగ్రామునకు, అది స్వంత రచనయైనచో, కవి రచించిన కావ్యమునకున్న రక్షణయే కలదు. రిజిస్ట్రేషను అక్కరలేదు. కర్త జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును ఆ హక్కు నిలుచును.

ఇక కాగితముల సంగతి. మన దస్తావేజుల భాష సగము ఉర్దూ నుండి వచ్చినదే గనుక ఆ మాటలతోనే చెప్పుకొందము. స్వేచ్ఛా సాఫ్టువేరు సంస్థలు అడుగు పత్రములలో ఒకటి కౌలునామా వంటిది: హక్కు మీదే, వాడుకొనుటకు అనుమతి వారిది. రెండవది విక్రయ దస్తావేజు వంటిది: హక్కే చేతులు మారును. 1985లో ఏర్పడిన ఫ్రీ సాఫ్టువేరు ఫౌండేషను ఈమాక్స్ వంటి ప్రోగ్రాములకు ఈ రెండవదానినే అడుగుచున్నది. అయితే ఇది ఉత్త విక్రయము కాదు. ఇచ్చిన దానిని ఎల్లప్పుడు స్వేచ్ఛగానే ఉంచెదమని సంస్థ మాట ఇచ్చును. ఇచ్చిన వాడు తన ప్రోగ్రామును తాను వాడుకొనుటకు తిరిగి అనుమతియు పొందును. వక్ఫు ఆస్తిని ముతవల్లీ కాపాడు తీరు తెలిసిన వారికి ఇది వెంటనే బోధపడును. మూడవది ఉత్త హామీ. 2003లో ఎస్.సి.ఓ. సంస్థ లినక్స్‌లో తన సొత్తు చేరినదని ఐ.బి.ఎం.పై దావా వేసినది. ఆ గొడవ దరిమిలా 2004 నుండి లినక్స్‌కు ప్రోగ్రాము పంపు ప్రతివాడును, ‘దీనిని ఇచ్చు హక్కు నాకు కలదు’ అని తెలుపుచు తన పేరుతో ఒక పంక్తి చేర్చవలసి వచ్చినది. 2021లో జి.సి.సి. వారును విక్రయపత్రమే కావలెనను పట్టు విడిచి, ఈ హామీని కూడ అంగీకరించిరి.

పత్రము ఏదైనను మూలప్రశ్న ఒక్కటే: ఇచ్చుటకు అది మనదేనా?

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మగ్గముల వద్ద ఈ భేదము అందరికి తెలిసినదే. స్వంత నూలుతో నేసినవాని చీర వానిది. యజమాని నూలుతో కూలికి నేసినచో చీర యజమానిది. చట్టములోని 17వ సెక్షను ఇంచుమించు ఇదే చెప్పుచున్నది. ఉద్యోగధర్మముగా గాని, అప్రెంటిసుగా గాని చేసిన రచనకు, వేరు ఒప్పందము లేనిచో, యజమానియే మొదటి హక్కుదారు. పోలిక ఇంతవరకే సరిపోవును. కంప్యూటరు ఎవరిదన్నది ఒక్కటే తేల్చదు. ఆ పని ఉద్యోగములో భాగమా అన్నదే ముఖ్యము. బెంగుళూరు కంపెనీలలో చేరిన మన పూర్వ విద్యార్థులు రాత్రివేళ ఇంట వ్రాసినది తమదేనని ధీమాగా ఉందురు. వారి నియామక పత్రములో అంతకుమించిన షరతు ఉండవచ్చును. అట్టిచో కంపెనీ నుండి ‘మాకు అభ్యంతరము లేదు’ అను పత్రము ముందే తీసుకొనవలెను. ఉద్యోగము లేని విద్యార్థి రచన సాధారణముగా వానిదే.

మన ప్రాంతమునకు మిక్కిలి వర్తించు చిక్కు మరియొకటి కలదు. పులివెందుల చెంత ఇడుపులపాయలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి కాగానే పిల్లలను చేర్చుకొనును. పదునారేండ్లకే చక్కని ప్రోగ్రాములు వ్రాయువారు అచట కలరు. అట్టివాడు తన రచనకు హక్కుదారే; కాని 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని వాని ఒప్పందము చెల్లదు. 1903లో మొహొరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిలు ఈ సంగతిని స్థిరపరచినది. పైగా, మైనరుగా చేసిన సంతకమును పెద్దవాడైన పిదప ‘ఔను, నాదే’ అని ఒప్పుకొన్నను అది బ్రతుకదు. క్రొత్త పత్రము వ్రాయవలసినదే. కావున వయస్సు దాచి సంతకము చేయుట సంస్థకు మేలు కాదు, కీడే. ఏండ్లు గడచిన తరువాత ఆ నాలుగు పంక్తుల మూలముగా మొత్తము ప్రోగ్రాముపై సందేహము పుట్టవచ్చును.

చట్టములోని 19వ సెక్షనును కూడ చదువవలెను. హక్కు బదిలీ లిఖితపూర్వకముగా, సంతకముతో ఉండవలెను. కాలము వ్రాయనిచో ఐదేండ్లే. ప్రదేశము వ్రాయనిచో భారతదేశమే. అనుమతి పత్రములకును ఈ నియమము తగిన మార్పులతో వర్తించును. ‘శాశ్వతముగా’, ‘ప్రపంచమంతటను’ అను మాటలు విదేశీ పత్రములలో ఏదో అలంకారముగా కనబడును గాని, మన దేశమున వాటి విలువ ఇంత ఉన్నది. ఆ రెండు మాటలు లేని పత్రముపై సంతకము చేయుటకు ముందు, వాటిని చేర్చుడని అడుగుట మంచిది.

ప్రోగ్రాము వ్రాయుట రాదనువారు తప్పించుకొన వీలులేదు. తెలుగులోనికి గాని ఉర్దూలోనికి గాని తెరపై మాటలను అనువదించుటయు రచనయే. జి.ఎన్.యు. ప్రోగ్రాములలో కొన్నింటికి అనువాదకుడు తన హక్కును వదలుకొను పత్రమును సంతకము చేసి పంపిన గాని అనువాదమును స్వీకరింపరు. రెండు భాషలు చదువు మన కళాశాల విద్యార్థుల చేతికి మొట్టమొదట వచ్చునది బహుశః ఈ కాగితమే. దానిపై పేరును మెట్రిక్యులేషను సర్టిఫికెట్టులో ఉన్నట్లే వ్రాసి, నకలు ఒకటి ఇంట భద్రపరచుకొనవలెను.