వైఫై నత్తనడక నడుస్తోందా? ప్లాన్ పెంచకముందే ఇవి చూడండి

నెల్లూరు తీరంలో మైపాడు నుంచి కావలి దాకా చాలా ఊళ్లలో కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు తీగ ఇళ్లలోకి వచ్చేసింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు కలిపి ఇస్తామంటూ మొదలైంది. నేల తవ్వకుండా స్తంభాల మీద లాగేశారు కాబట్టే తీగ అంత తొందరగా పల్లెలకు చేరింది. ప్రైవేటు కంపెనీలూ ఉన్నాయి. కనెక్షన్ ఎవరిదైనా, నెట్టు నెమ్మదించగానే మనం ఆపరేటరును తిట్టుకుంటాం, లేదంటే ఇంకో రెండొందలు వేసి పెద్ద ప్లాన్‌కు మారతాం. అంతకన్నా ముందు ఒకటి తేల్చుకోవాలి. లోపం ఇంటిదాకా వచ్చే తీగలో ఉందా, ఇంట్లో తిరిగే వైఫైలో ఉందా? అది తేలితే సగం పని అయినట్టే.

కావలసినవి: ఒక ఫోను, వీలైతే ల్యాప్‌టాప్, ఒక ల్యాన్ కేబులు, గంటసేపు తీరిక.

1. వేగం కొలవండి

ఇంట్లో టీవీ, మిగతా ఫోన్లలో వైఫై ఆపేయండి. స్తంభాల మీది తీగలోనే టీవీ కూడా వచ్చే కనెక్షన్లకు ఇది మరీ ముఖ్యం. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబులుతో, ఫైబరు తీగ వచ్చి చేరే వైఫై రౌటరు బాక్సుకు తగిలించి ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి. ల్యాప్‌టాప్ లేకపోతే బాక్సుకు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి ఫోనుతో చూడండి. వచ్చిన అంకె రాసుకోండి. తర్వాత నెట్టు సరిగా రాని గదిలో మళ్లీ కొలవండి.

బాక్సు దగ్గరే వేగం తక్కువగా ఉంటే తీగను అనుమానించండి, రెండో మెట్టు చూడండి. అక్కడ బాగా వచ్చి గదిలో పడిపోతుంటే వైఫైదే లోపం, నేరుగా మూడో మెట్టుకు వెళ్లండి. పొద్దున బాగుండి రోజూ రాత్రి ఎనిమిది దాటాకే మందగిస్తుంటే, లైనులో రద్దీ ఎక్కువైందేమో ఆపరేటరును అడగాలి.

ఇంకో మాట. ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, సినిమా దిగేటప్పుడు తెర మీద కనిపించేది మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. అంటే 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు 5 మెగాబైట్లు దిగుతుంటే మోసమేమీ లేదు, అది పూర్తి వేగమే.

2. తీగ, బాక్సు చూడండి

బాక్సు స్విచ్ కట్టేసి, ఒక నిమిషం ఆగి వేయండి. 'పాన్' అన్న దీపం మిణుకుమనకుండా నిలకడగా వెలగాలి. 'లాస్' దీపం ఎర్రగా కనిపిస్తే కాంతి బాక్సుదాకా రావడం లేదన్నమాట. ఇక ఆపరేటరుకు ఫోన్ చేయడమే.

బాక్సులోకి వెళ్లే సన్నటి తీగ బల్ల కింద నలిగిందేమో, మేకు చుట్టూ బిగుతుగా మడిచారేమో చూడండి. లోపల ఉన్నది గాజు పోగు, గట్టిగా వంచితే కాంతి బయటికి పోతుంది. మడత వదులు చేయండి. చివర ఉండే ఆకుపచ్చ కనెక్టరును మాత్రం మీరు పీకవద్దు. వేలు తగిలినా, దుమ్ము పడినా సిగ్నల్ తగ్గుతుంది. ఆ కొస నుంచి వచ్చే కాంతి కంటికి కనిపించదు గానీ చూపుకు మంచిది కాదు. ఆపరేటరు వచ్చినప్పుడు పవర్ మీటరు పెట్టి రీడింగు చెప్పమనండి. మామూలుగా మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27కు దగ్గరపడిందంటే కనెక్టరు తుడవాలి, లేదా ఎక్కడో అతుకు మళ్లీ వేయాలి.

సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి అడాప్టరు పిన్ను, ల్యాన్ కేబులు కొసలు చిలుము పడతాయి. కరెంటు తీసేసి చూడండి. చిలుము పట్టిన కేబులును తుడుస్తూ కూర్చోవడం కన్నా మార్చేయడం మేలు.

3. బాక్సు చోటు మార్చండి

చాలా ఇళ్లలో బాక్సు టీవీ వెనకో, ఇనుప బీరువా మీదో ఉంటుంది. ఇనుము, అద్దం, నీళ్లు వైఫైకి అడ్డు. ఇంటి నడిమధ్య, మనిషి ఎత్తున, ఏ అడ్డూ లేని గోడకు పెట్టించండి. తీగ కాస్త పొడవు కావాలంటే ఆపరేటరును అడగండి.

4. సరైన బ్యాండు ఎంచుకోండి

కొత్త బాక్సులు రెండు పేర్లతో వైఫై ఇస్తాయి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడ దాటడం తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, వేగం తక్కువ. బాక్సు ఉన్న గదిలో టీవీకి, ల్యాప్‌టాప్‌కు 5 పెట్టండి. దూరపు గదికి 2.4 చాలు. అపార్టుమెంట్లో చుట్టూ పది వైఫైలు కనిపిస్తుంటే సెట్టింగుల్లో 2.4కు 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నది పెట్టండి.

5. పై మిద్దెకు ఇంకో రౌటరు

సిమెంటు శ్లాబు, అందులోని ఇనుప చువ్వలు దాటి సిగ్నల్ పైకి రావడం కష్టం. చవకగా దొరికే ఎక్స్‌టెండరు చాలాసార్లు వేగాన్ని సగం చేస్తుంది. ల్యాన్ కేబులు పైకి లాగి, అక్కడ రెండో రౌటరును యాక్సెస్ పాయింటుగా పెట్టుకుంటే వేగం తగ్గదు. కేబులును ఇంటి లోపలి నుంచే తీసుకెళ్లండి. ఫైబరు గాజు కాబట్టి పిడుగు కరెంటును మోయదు. ల్యాన్ కేబులు రాగి, మోస్తుంది. ఉరుముల వేళ అడాప్టరు పీకేయండి.

6. పాస్‌వర్డు మార్చండి

పక్కింటి ఫోన్లు కూడా మీ నెట్టు మీదే నడుస్తుండవచ్చు. కొత్త పాస్‌వర్డు పెడితే అన్నీ ఒక్కసారే తెగిపోతాయి. కావలసినవాళ్లకే మళ్లీ ఇవ్వండి.

మన జిల్లాకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతోనే. కాబట్టి సెప్టెంబరులోనే స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ ఏ చెట్టు కొమ్మకు ఒరుసుకుంటోందో ఆపరేటరుకు చూపించండి. ఇవన్నీ చేశాక కూడా బాక్సు దగ్గర వేగం రాకపోతే, రాసుకున్న అంకెలు, తేదీలతో ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. బాక్సు దగ్గర పూర్తి వేగం వచ్చి, అదీ ఇంటిల్లిపాదికీ చాలకపోతేనే పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టండి.