ముందు ఏది బాగుచేయాలి?



సెలవు రోజున మీ అబ్బాయి టీవీ ముందు కూర్చొని, జోరువానలో ఒక పాత డొక్కు కారును అడవి దారిలో నడుపుతూ కనిపించాడనుకోండి. కాసేపు నడుపుతాడు, దిగుతాడు, దారి పక్కన పడి ఉన్న మరో కారును కోసి తుక్కు ఏరుకుంటాడు, డిక్కీలో సర్దుకొని మళ్ళీ బయలుదేరుతాడు. మీకు అది కాలక్షేపంగానే కనబడుతుంది. కాని కొంచెం సేపు పక్కన కూర్చొని చూడండి. ఉన్న కొద్దిపాటి సామానుతో ముందు ఏది చేసుకోవాలి, ఏది ఆగవచ్చు అన్న ప్రశ్న వాడిని నిమిష నిమిషానికీ నిలదీస్తూ ఉంటుంది. నెలాఖరులో మీరు ఎదుర్కొనే ప్రశ్న కూడా ఇంచుమించు ఇదే గనుక, ఈ వారం దాని గురించే పాఠం చెప్పుకుందాం.

ఆ ఆట పేరు పసిఫిక్ డ్రైవ్. అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన ఐరన్‌వుడ్ స్టూడియోస్ వారు తయారుచేయగా 2024 ఫిబ్రవరి 22న ప్లేస్టేషన్ 5కు, విండోస్ కంప్యూటర్లకు విడుదలైంది. కథ జరిగే సంవత్సరం 1998. చోటు వాషింగ్టన్ రాష్ట్రపు పడమటి కొసన ఉన్న ఒలింపిక్ ద్వీపకల్పం. వింత శాస్త్ర ప్రయోగాల వలన పాడైపోయి, గోడ కట్టి మూసివేసిన ప్రాంతంగా దానిని ఊహించారు. గోడ కల్పితమే గాని అడవి నిజమైనది. అక్కడి హో అనే వర్షారణ్యంలో ఏడాదికి సుమారు 350 సెంటీమీటర్ల వాన పడుతుంది. మన కోస్తా జిల్లాలలో పడేది 100 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది గనుక, ఆ వాన ఎంతటిదో మీరే లెక్క వేసుకోండి. 1938లో ఏర్పడిన ఒలింపిక్ జాతీయ వనంలో భాగం ఆ అడవి. ఆటలో అంత బురద, అంత చీకటి ఎందుకున్నాయని పిల్లలు అడిగితే ఈ సంగతి చెప్పండి.

ఈ ఆటలో తుపాకులు లేవు, ఎవరినీ చంపనక్కరలేదు. ఉన్నదల్లా ఒక పాత స్టేషన్ వ్యాగన్ కారు, దానికొక షెడ్డు, రేడియోలో సలహాలు చెప్పే ఆపీ అనే పెద్దామె. షెడ్డు నుండి బయలుదేరి, కొన్ని ప్రాంతాలు దాటి, సామాను సేకరించి, తిరిగి రావాలి. తిరిగి రాలేకపోతే ఆ ప్రయాణంలో కూడబెట్టిన సామాను చేజారుతుంది, కారు కూడా చితికి ఇంటికి చేరుతుంది. గంటసేపు చేసిన కష్టం ఒక్క తప్పుడు ఎంపికతో పోవచ్చు.

తత్వశాస్త్రం చదివే రోజులలో మాకు మొదట్లోనే నేర్పిన సూత్రం ఒకటి ఉంది. గమ్యం అనేది సంకల్పంలో మొదటిది, ఆచరణలో చివరిది. ఇల్లు కట్టేవాడు ముందు ఇంటిని తలచుకుంటాడు, పునాది తవ్వడం తరువాత మొదలుపెడతాడు. కాబట్టి ముందుగా ఏది కావాలో తెలియాలంటే చివరి నుండి వెనక్కి లెక్కించుకుంటూ రావాలి. మన ఆటకు దీనిని అన్వయించి చూడండి. ప్రయాణానికి చివరి ఘట్టం ఏది? దారిలో యాంకర్లు అనే వెలుగు గోళాల నుండి శక్తిని సేకరించి, ఆ శక్తితో దూరంలో ఒక ద్వారాన్ని తెరిపించాలి. అది తెరుచుకోగానే చుట్టూ తుఫాను మూసుకొస్తుంది. దారి, పొద, రాయి అనక ఆ వెలుగు స్తంభం వైపు కారును పరుగెత్తించాలి. గమనించండి, ఈ పరుగు వచ్చేది ప్రయాణం చివర. అంటే కారు అప్పటికే దెబ్బతిని, టైర్లు అరిగి, డిక్కీ నిండి ఉన్న సమయంలో. బయలుదేరినప్పుడు కారు ఎంత ముస్తాబుగా ఉంది అన్నది కాదు చూడవలసింది, ఆ ఆఖరి రెండు మైళ్ళు పరుగెత్తగలదా అన్నది.

ఈ లెక్కన మొట్టమొదటి ఖర్చు చక్రాల మీదనే పెట్టాలి. నా దగ్గరకు సలహాకు వచ్చే పిల్లలు దీనిని ఒప్పుకోరు. తలుపులకు ఇనుప రేకులు, ముందు బంపరు, ఇవే వాళ్ళకు మొదట కావాలి, ఎందుకంటే అవి కంటికి కనబడతాయి. కాని తలుపు ఊడిపోయిన కారు కూడా ఇల్లు చేరుతుంది. రెండు టైర్లు పోయిన కారు బురదలో పక్కకు ఈడ్చుకుపోతూ చెట్టుకు కొట్టుకుంటుంది. అందువలన డిక్కీలో ఒక స్టెప్నీ, పంక్చరు అతికించే సరంజామా, కారు ఒంటికి పూసే మరమ్మతు ముద్ద రెండు మూడు, ఇవి లేకుండా షెడ్డు గడప దాటవద్దు. తారు రోడ్డుకు సరిపోయే టైర్లు వేరు, అడవి దారికి పనికివచ్చే టైర్లు వేరు. పైన చెప్పిన వానను తలచుకుంటే మొదటి రోజులలో ఏవి కావాలో చెప్పనక్కరలేదు. తుక్కు కోసే రంపం పనిముట్టు కూడా వాడే కొద్దీ అరిగిపోతుంది. అది దారిలో విరిగితే ఆ రోజు సంపాదన అక్కడితో ఆగుతుంది గనుక, అరిగినదానితో బయలుదేరకుండా కొత్తది చేసుకొని వెళ్ళడం మంచిది.

రెండవది మోసే స్థలం. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. ఆట మొదట్లో ఇచ్చే సంచి చిన్నది, డిక్కీ కూడా గళ్ళు గళ్ళుగా లెక్కకు ఉంటుంది. పెళ్ళికి వెళ్ళి వచ్చేటప్పుడు కారు డిక్కీలో సామాను సర్దిన వారికి ఆ అవస్థ తెలుసు. స్థలం లేక దారిలో వదిలేసిన ప్రతి వస్తువు కోసం మరొక ప్రయాణం చేయాలి, ఆ ప్రయాణానికి మళ్ళీ పెట్రోలు, మళ్ళీ టైర్లు ఖర్చు. పెద్ద సంచి, కారు పక్కన లేక పైన బిగించే పెట్టె, షెడ్డులో సామాను దాచే బీరువా, వీటికి పెట్టినది రెండు మూడు ప్రయాణాలలోనే తిరిగి వస్తుంది. మిగతా ఏ అదనపు సదుపాయమూ ఇంత త్వరగా తన ఖరీదు తాను తీర్చుకోదు. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. చోటు పెరిగింది కదా అని ప్రతి చెత్తా ఏరుకుంటూ సాయంత్రం దాకా తిరిగేవాడు తుఫానుకు చిక్కుతాడు. ఏమి కావాలో షెడ్డులోనే చీటీ రాసుకొని వెళ్ళమనండి.

ఇక తలుపులు, బంపర్లు, బానెట్టు. మొదట దొరికే ముతక రేకులు త్వరగా ఊడిపోతాయి, వాటిని ఉక్కు రేకులతో మార్చుకోవాలి. అన్నీ ఒకేసారి మార్చే స్తోమత ఉండదు. దేనినైనా గుద్దేది ఎక్కువగా ముందు భాగమే గనుక అక్కడి నుండి మొదలుపెట్టవచ్చు. కరెంటు షాకును ఆపే రేకులు, రేడియేషన్‌ను ఆపే సీసపు రేకులు, ఆమ్లానికి తట్టుకునే రేకులు వేరు వేరుగా ఉన్నాయి. ఇవి మంచివా అని అడిగితే జవాబు లేదు. ఎక్కడికి వెళుతున్నావు అని ఎదురు ప్రశ్న వేయాలి. బయలుదేరే ముందు షెడ్డులోని పటం మీద ఆయా ప్రాంతాల పరిస్థితి చూపిస్తుంది. దానిని చదవకుండా సీసం మీద ఖర్చు పెట్టడం, జ్వరమేదో తెలియకుండా మందు కొనడం వంటిది.

పెట్రోలు, బ్యాటరీల గురించి ఎక్కువ చెప్పను. పాడుబడ్డ కార్లనుండి, దారిలోని బంకులనుండి పెట్రోలు తీసుకోవచ్చు గనుక డబ్బా ఒకటి వెంట ఉంటే మొదట్లో పెద్ద ట్యాంకుకు తొందర లేదు. బ్యాటరీ త్వరగా అయిపోతుందని పెద్ద బ్యాటరీ చేయబోయే పిల్లవాడిని, దిగేటప్పుడు లైట్లు ఆర్పుతున్నావా అని అడగండి. పార్కింగు గేరు వేయకుండా దిగితే కారు పల్లానికి జారిపోయేది కూడా ఈ ఆటలో ఉంది. నాకు అది భలే నచ్చింది.

లైట్లు ఆర్పినా బ్యాటరీ దిగిపోతూ ఉంటే? ఇక్కడే ఈ ఆటలో అన్నిటికన్నా ఆలోచింపజేసే సంగతి ఉంది. ఈ కారుకు వింత అలవాట్లు పడతాయి. వైపరు వేస్తే తలుపు తెరుచుకోవడం, డిక్కీ మూస్తే లైట్లు వెలగడం లాంటివి. ఇది భాగం పాడవడం కాదు, కాబట్టి కొత్త భాగం బిగించినంత మాత్రాన పోదు. షెడ్డులో ఒక యంత్రం ముందు నిలబడి, ఫలానా భాగానికి ఫలానాది జరిగినప్పుడు, ఫలానా భాగం ఫలానాది చేస్తోంది అని వాక్యం పూర్తిచేయాలి. నాలుగు ఖాళీలూ సరిగ్గా నింపితేనే రోగం ఖాయమవుతుంది, ఆ తరువాతనే చికిత్స. చాలామంది చేసే పొరపాటు ఏమంటే, ఒకదాని వెంట మరొకటి జరగగానే మొదటిదే కారణమని తేల్చేస్తారు. మలుపు తిరిగినప్పుడు హారన్ మోగిందనుకోండి. స్టీరింగు వల్ల మోగిందా, అదే క్షణంలో వేగం తగ్గడం వల్ల మోగిందా? తెలుసుకోవడానికి మార్గం ఒక్కటే. కారును నిలిపి ఉంచి స్టీరింగు మాత్రమే తిప్పాలి. మోగకపోతే తిన్నని దారిలో వేగం మాత్రమే తగ్గించి చూడాలి. ఒకసారికి ఒకటే మార్చాలి, తక్కినవన్నీ ఉన్నట్టే ఉంచాలి. పదవ తరగతి సైన్సు పుస్తకంలో ప్రయోగం అని చదివి, పరీక్షలో రాసి మరచిపోయే పద్ధతి ఇదే. ఈ పరీక్షకు తుక్కు ఖర్చు కాదు, ఓపిక ఖర్చవుతుంది. అందుకే దీనిని అన్ని కొత్త సామానుల కన్నా ముందు చేయమంటాను. కారణం తెలియక చేసిన పెద్ద బ్యాటరీ కూడా చిన్నదానిలాగే ఖాళీ అవుతుంది.

ఇంజను చివరకు ఆగవచ్చు. ఉన్న ఇంజను మొదటి ప్రాంతాలకు చాలు. పట్టు లేని టైర్ల మీద వేగం పెంచితే చెట్టు త్వరగా దగ్గరవుతుంది, అంతే. అరిగిన భాగాలను విరిచి తిరిగి ముడిసామానుగా మార్చే యంత్రాన్ని మాత్రం వీలైనంత త్వరగా షెడ్డులో పెట్టుకోవాలి. రంగులు, బొమ్మలు అంటించుకోవడం గురించి కొందరు తండ్రులు కోప్పడతారు. వాటివల్ల కారు బలపడదు, నిజమే. అయినా తన చేతులతో బాగుచేసుకున్న కారుకు రంగు వేసుకోవాలని ఎవరికి ఉండదు?

ఒక మాట తల్లులకు. విడుదలైనప్పటి పద్ధతి ప్రకారం ఈ ఆటను ఎక్కడ పడితే అక్కడ ఆపి భద్రపరచడం కుదిరేది కాదు. కొత్త ప్రాంతంలో అడుగుపెట్టినప్పుడో, షెడ్డుకు చేరినప్పుడో అది భద్రమయ్యేది. మధ్యలో స్విచ్ తీసేస్తే ఆ ప్రాంతంలో చేసినదంతా పోయేది. పిల్లవాడు ఒక్క నిమిషం అమ్మా అంటే అది ఎప్పుడూ సాకే కాకపోవచ్చు. అలాగని ఆ నిమిషానికి హద్దు లేకుండా పోకూడదు. బయలుదేరే ముందే అడగండి, ఈసారి ఎన్ని ప్రాంతాలు, భోజనానికి షెడ్డులో ఉంటావా అని. ఒక ప్రాంతం చాలంటే ఒకటే. వాడు ద్వారం తెరిచి, తుఫాను వెంటబడుతుండగా వెలుగు వైపు పరుగెడుతున్నాడంటే, ఇంకెంతో సేపు లేదు. కూర వేడి చేసి తీసుకురండి, ఈలోగా ఇంటికి చేరతాడు.